పాప ఇంటిపేరు మారిస్తే వాళ్ళ నాన్న మనోవర్తి ఆపేయొచ్చా?

తెనాలి అమ్మ:

నమస్కారం అండీ. కోర్టు సంగతులు తెలిసినవాళ్ళు, ఇలాంటిది పడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

మాది తెనాలి దగ్గర పల్లె. అమ్మాయికి తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్నకీ నాకూ 2020లో విడాకులయ్యాయి. నాకోసం ఏమీ అడగలేదు. పాపకి మాత్రం ఎం.సి. (మనోవర్తి) కేసులో నెలకు 8,000 ఇవ్వాలని ఆర్డరు వచ్చింది. ఆయన ఓ ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం. ఒక నెల ముందూ వెనకా అయినా డబ్బు నా ఖాతాలో పడుతూనే ఉండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

కిందటేడు నేను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను. ఈయనకి ఎరువుల కొట్టుంది. మొదటి భార్య జబ్బు చేసి పోయింది. ఆవిడ కూతురు ఏడో తరగతి. పిల్లలిద్దరూ ఒకే ఆటోలో ఒకే బడికి వెళ్తారు. "మీ అక్కే అయితే ఇంటిపేరు వేరే ఎందుకుంది?" అని తోటి పిల్లలు అడగడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళం మేమింకా ఆలోచించుకోకముందే, కొత్త నోటుబుక్కుల అట్టలు వేస్తుంటే, ఇది తన లేబుళ్ళ మీద అక్క ఇంటిపేరు రాసేసుకుంది. మొత్తం డజను పుస్తకాలకీ. కొన్నిటి మీద పాత ఇంటిపేరు మొదటి అక్షరం వేసి, కొట్టేసి, పక్కన కొత్తది రాసింది. అది చూశాక ఇంక ఆపాలనిపించలేదు. బడిలో అర్జీ ఇచ్చి ఇంటిపేరు మార్పించాం. ఆధార్‌లో ఇంకా మార్చలేదు.

బడి వాళ్ళు పెట్టిన బహుమతుల లిస్టులో కొత్త ఇంటిపేరు వాళ్ళ నాన్న కంట పడింది. "నా ఇంటిపేరు అక్కర్లేనప్పుడు నా డబ్బులెందుకు? ఎవరి పేరు పెట్టుకున్నారో వాళ్ళనే అడగండి" అని మెసేజ్ పెట్టాడు. అయిదు నెలలుగా రూపాయి లేదు. జూన్‌లో ఫీజూ, పుస్తకాలూ, ఆటో అన్నీ మేమే కట్టుకున్నాం.

ఇప్పుడు కొత్తగా ఆయన మేనమామ స్టాంపు కాగితాలతో మా ఇంటికొచ్చారు. పాపని ఈయనకి దత్తత ఇచ్చేస్తున్నట్టు రాసుకుందాం, ఇకమీదట ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఉండదు, పాత బాకీ కూడా మాఫీ అని. మా ఇంటాయన మంచివాడండీ. "ఆ ఎనిమిది వేల కోసం పిల్లని అటూ ఇటూ లాగడం ఎందుకు, నా కూతురే అనుకుంటున్నాగా, సంతకం పెట్టేద్దాం" అంటున్నారు. మా అమ్మ మాత్రం తొందరపడొద్దంటోంది.

ఇంటిపేరు మారితే నిజంగానే ఆయన బాధ్యత పోతుందా? ఆ కాగితం మీద సంతకం పెట్టొచ్చా? ఇంకోటి, బడి వాళ్ళు తండ్రి గడిలో కూడా ఈయన పేరే రాసిమ్మంటున్నారు, అది చేయొచ్చా? నిద్ర పట్టట్లేదండీ, టెన్షన్‌గా ఉంది.

పాత శిరస్తాదారు:

అమ్మా, మీ అమ్మగారి మాట విను. ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు. నేను కోర్టు ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ప్లీడర్ని కాదు. కానీ ఎం.సి. ఫైళ్ళు నా చేతుల మీదుగా చాలా నడిచాయి.

ముందు ఇంటిపేరు సంగతి. మనోవర్తి ఇచ్చేది ఇంటిపేరుకి కాదు, కన్నబిడ్డకి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షను, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను. రెండిట్లోనూ ఉన్నది ఒకటే: తనను తాను పోషించుకోలేని మైనరు బిడ్డని తండ్రి పోషించాలి. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షనూ అదే అంటుంది. పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డకి కూడా ఈ హక్కు ఇచ్చారు చట్టాలు చేసినవాళ్ళు. అలాంటి బిడ్డకి తండ్రి ఇంటిపేరు ఉంటుందా, ఉండదా అని వాళ్ళు చూడలేదు కదా! మరి మీ పాప విషయంలో అది ఎలా అడ్డమొస్తుంది?

నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకున్నావు కాబట్టి నీకంటూ భరణం ఉండి ఉంటే అది ఆగేది. పాపది ఆగదు. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు, ఆ మేనమామగారు కూడా అందులో ఒకరేమో. మీ ఇంటాయనకి ఎంత ప్రేమ ఉన్నా, దత్తత జరగనంతవరకు చట్టం దృష్టిలో ఆ పాపని పోషించాల్సిన బాధ్యత ఆయనది కాదు, కన్నతండ్రిదే.

ఇంటిపేరు మార్చే హక్కు నీకుందా అంటే, 2022 జూలై 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పొకటి ఉంది. మన ఆంధ్రా కేసే. జస్టిస్ దినేశ్ మహేశ్వరి, జస్టిస్ కృష్ణ మురారి బెంచి. భర్త పోయిన తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని పిల్లాడికి కొత్త భర్త ఇంటిపేరు పెట్టింది. తాత, నాయనమ్మ కోర్టుకెళ్ళారు. హైకోర్టు పాత ఇంటిపేరే ఉంచమంది, కాగితాల్లో కొత్త భర్తని సవతి తండ్రిగా చూపమంది. సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అది పిల్లాడి మనసుకి దెబ్బ అని చాలా గట్టిగానే రాసింది. అయితే ఒక్క తేడా గుర్తుపెట్టుకో. అక్కడ తండ్రి చనిపోయాడు, మీ విషయంలో బతికే ఉన్నాడు. ఆయనా సహజ సంరక్షకుడే కాబట్టి ఇంటిపేరు మీద అభ్యంతరం ఉంటే కోర్టులో పిటిషన్ వేసుకోవచ్చు. 2021లో ఢిల్లీ హైకోర్టుకి ఒక తండ్రి అలాగే వెళ్తే, కూతురు తన ఇంటిపేరే వాడాలని శాసించడానికి తండ్రి ఆమెకి యజమాని కాదని జస్టిస్ రేఖా పల్లి అన్నారు. ఏదేమైనా ఆ గొడవ వేరు, నెలనెలా కట్టాల్సింది వేరు. ఇంటిపేరు మీద కోపంతో కోర్టు ఆర్డరుని తనంతట తాను ఆపేసే అధికారం ఆయనకి లేదు. పరిస్థితులు మారాయనుకుంటే పాత 127, ఇప్పటి 146వ సెక్షను కింద ఆర్డరు మార్చమని అడగాలి. కోర్టు మార్చేదాకా 8,000 కట్టాల్సిందే.

ఇక అసలైన ప్రమాదం దత్తత కాగితంలో ఉంది. ఇంటిపేరు మార్పు వేరు, దత్తత వేరు. దత్తత చెల్లితే ఆ రోజు నుంచి పాపకి పుట్టింటితో సంబంధం తెగిపోతుంది. హిందూ దత్తత చట్టం 12వ సెక్షను. మనోవర్తి పోతుంది, రేపు ఆ తండ్రి వీలునామా రాయకుండా పోతే కూతురిగా వారసత్వం కూడా పోతుంది. ఆ మేనమామ స్టాంపు కాగితం పట్టుకుని మీ గడప దాకా వచ్చింది ఎందుకనుకున్నావు? ఇంటిపేరుతో బాధ్యత పోదని వాళ్ళ ప్లీడరు చెప్పే ఉంటాడు.

పైగా మీ విషయంలో ఆ దత్తత చెల్లదు కూడా! మీ ఇంటాయనకి ఇప్పటికే ఒక అమ్మాయి ఉందన్నావు. హిందూ దత్తత చట్టం 11వ సెక్షను ప్రకారం, కూతురు ఉన్నవాళ్ళు ఇంకో ఆడపిల్లని దత్తత తీసుకోకూడదు. మగవాడు ఆడపిల్లని దత్తత చేసుకోవాలంటే ఇద్దరికీ కనీసం 21 ఏళ్ళ తేడా కూడా ఉండాలి. చెల్లని దత్తత వల్ల కొత్తింట్లో హక్కు రాదు, పుట్టింట్లో హక్కు పోదు, 5వ సెక్షనులో ఉంది. చట్టం అలా అన్నా, ఆయన ఆ కాగితం చూపించి డబ్బు ఎగ్గొడతాడు, అది చెల్లదని తేల్చుకోవడానికి నువ్వు కోర్టు చుట్టూ తిరగాలి. పాప పని రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

పాత బాకీ మాఫీ అన్నది కూడా ఒప్పుకోవద్దు. ఆ డబ్బు నీది కాదు, పాపది. పాప హక్కుని తల్లి వదిలేశానని రాసిచ్చినా అది పాపని కట్టిపడెయ్యదు.

వెంటనే చేయాల్సింది బకాయి పిటిషన్. ఏ నెల డబ్బు ఆ నెల బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోపు అడగాలి, ఈ దారిలో అదే గడువు. అయిదు నెలలకి 40,000, ఇంకా టైముంది. కోర్టు వారంటు ఇచ్చి వసూలు చేయొచ్చు, అయినా కట్టకపోతే బాకీ పడ్డ ఒక్కో నెలకి నెల దాకా జైలు వేయొచ్చు. జైలుకెళ్ళొస్తే బాకీ తీరిపోతుందని కొందరు మొండికేస్తారు. తీరదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆయనది జీతం ఉద్యోగం కాబట్టి జీతం అటాచ్ చేయమని, అంటే జీతంలోంచే పట్టుకోమని కూడా అడగొచ్చు.

ప్లీడరు ఫీజు గురించి భయపడకు. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. కోర్టు ఆవరణలోనే వాళ్ళ ఆఫీసు ఉంటుంది. ఫోనైతే 15100.

కరీంనగర్ నాన్న:

అక్కా, నేను అవతలి పక్క మనిషిని. నా కూతురికి వాళ్ళమ్మ తన పుట్టింటి ఇంటిపేరు పెట్టుకుంది. ఆధార్ కాపీలో మొదటిసారి చూసినప్పుడు చేతులు వణికాయి. మా నాన్న అయితే రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వంశం పోయిందన్నంత బాధ. మీ పాప వాళ్ళ నాన్న మెసేజ్ తప్పే, కానీ ఆ కోపం ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలుసు.

డబ్బులు ఆపుదామని నేనూ మా లాయరుని అడిగిన. ఆయన ఒకటే ప్రశ్న వేశారు: "పాప పొద్దున తినే ఇడ్లీకి ఇంటిపేరు ఉంటదా?" ఇంక మాట్లాడలేదు. ప్రతి నెలా 5వ తారీఖుకి 12,000 పంపుతున్న, బ్యాంకులో ఆటోమేటిక్‌గా పోయేలా పెట్టేసిన, నెలనెలా మనసుతో కొట్లాడుకునే పని లేకుండా.

నాకు కావాల్సింది ఇంటిపేరు కాదు, పిల్లని చూడడం అని తర్వాత అర్థమైంది. దానికి విడిగా విజిటేషన్ పిటిషన్ వేసిన. నెలలో రెండు ఆదివారాలు వస్తది. మీ పాప వాళ్ళ నాన్నని చూస్తుందా? మీరు రాయలేదు. చూడకపోతే ఆయన డబ్బు ఆపొచ్చని కాదు, అది కూడా కుదరదు, డబ్బుకీ చూడడానికీ ముడి పెట్టొద్దని మా జడ్జి గారు ఇద్దరికీ చెప్పారు. కానీ కేసు వేసేటప్పుడు చూడడానికి రావొద్దని మీ తరఫు నుంచి ఎక్కడా రాయకండి, పాప కోసం చెప్తున్న.

లెక్కల టీచరు:

నేను హైస్కూల్లో పనిచేస్తాను. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా) పని చాలా ఏళ్ళు నా నెత్తినే పడింది కాబట్టి బడి సంగతి నేను చెప్తాను.

తండ్రి గడిలో మీ ఇంటాయన పేరు రాయకండి. బడి వాళ్ళు వాళ్ళ సౌకర్యం కోసం అడుగుతారు. ఇంటిపేరు ఒకలా, తండ్రి పేరు ఇంకోలా ఉంటే ప్రతి ఏడూ ఎవరో ఒకరు సందేహం అడుగుతారని. దత్తత కానంతవరకు పాప తండ్రి కన్నతండ్రే. జనన ధ్రువీకరణ పత్రంలో ఒక పేరు, అడ్మిషన్ రిజిస్టరులో ఇంకో పేరు ఉంటే రేపు పాస్‌పోర్టు దగ్గరో, కోర్టులోనో మిమ్మల్నే నిలదీస్తారు. గార్డియన్ గడి ఉంటే అందులో మీ పేరు రాయండి. ఫీజు రసీదు మీద ఎవరి పేరున్నా నష్టం లేదు.

ఇంటిపేరు మార్చాలనుకుంటే అన్ని చోట్లా ఒకేలా ఉండేటట్టు చూడండి. బడిలో కొత్తది, ఆధార్‌లో పాతది ఉంటే ఆపార్ ఐడీ (ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు నంబరు) దగ్గర ఆగిపోతుంది, ఆధార్‌లో పేరూ బడిలో పేరూ కలవాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, ఇప్పుడొకటి, పాప పెళ్ళప్పుడు ఇంకోటి కావొచ్చు, కాబట్టి అక్షరం అక్షరం చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒక చోట పూర్తిగా, ఇంకో చోట ఒక్క అక్షరంగా రాస్తారు. అక్కడే సగం తిప్పలు. ఏం చేసినా పదో తరగతి నామినల్ రోల్ వెళ్ళేలోపు అయిపోవాలి. పదో తరగతి మెమో వచ్చాక మార్చాలంటే నరకం చూస్తారు.

తెనాలి అమ్మ:

అందరికీ దండాలండీ. శిరస్తాదారు గారూ, మీరు రాసింది మా ఇంటాయనకి చదివి వినిపించాను. కూతురున్నవాళ్ళు కూతుర్ని దత్తత తీసుకోకూడదన్న ముక్క దగ్గర ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మేనమామగారికి ఫోన్ చేసి కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండని చెప్పేశారు.

తమ్ముడూ, వాళ్ళ నాన్న దసరాకీ సంక్రాంతికీ తీసుకెళ్తాడు, నేనెప్పుడూ వద్దనలేదు. ఈ సంక్రాంతికి మాత్రం రాలేదు. పాప కొత్త గౌను వేసుకుని సాయంత్రం దాకా గేటు దగ్గరే ఆడుకుంది. కేసు వేసినా ఆ మాట మాత్రం ఎక్కడా రాయించను, మీరు చెప్పినట్టే.

టీచరు గారూ, తండ్రి గడి అలాగే ఉంచమని రేపే రాసిచ్చేస్తాను.

రెండు సందేహాలు. కోర్టు ఆర్డరులో పాప పాత ఇంటిపేరుతో ఉంది. ఇప్పుడు బడిలో వేరే పేరు. ఈ పాప ఆ పాప కాదని వాళ్ళు వాదిస్తే? రెండోది, మా ఇంటాయన నిజంగానే పాపని తన కూతురిగా చేసుకోవాలనుకుంటే ఇంక దారే లేదా? డబ్బు కోసం కాదు, ఆయన మనసు అది.

పాత శిరస్తాదారు:

మొదటిదానికి జవాబు తేలిక. పిటిషన్‌లో పాప పేరు రాసే చోట పాత ఇంటిపేరుతో రాసి, పక్కన "ప్రస్తుతం ఫలానా పేరుతో పిలవబడుచున్న" అని చేర్పించు. రెండు పేర్లూ ఒకే పాపవని నువ్వు ప్రమాణపత్రం ఇవ్వు. జనన ధ్రువీకరణ పత్రం, పాత బడి రికార్డు, ఇంటిపేరు మార్చమని నువ్వు బడికి ఇచ్చిన అర్జీ నకలు జత చేయించు. ఆయన పెట్టిన మెసేజ్ ప్రింటు కూడా పెట్టు. పేరు మారింది తన కూతురికేనని ఆ మెసేజ్‌లో ఆయనే ఒప్పుకున్నాడు కదమ్మా, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి! ఫోన్‌లోంచి మాత్రం చెరిపేయకు.

పనిలో పనిగా 8,000 పెంచమని కూడా అడుగు. 2020లో నాలుగేళ్ళ పిల్ల ఖర్చు, ఇప్పుడు నాలుగో తరగతి పిల్ల ఖర్చు ఒకటి కాదు. 146వ సెక్షను కిందే. ఇద్దరూ ఆదాయం, ఆస్తి, అప్పుల వివరాలు అఫిడవిట్‌గా ఇవ్వాలని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు దేశమంతటికీ చెప్పింది, జస్టిస్ ఇందూ మల్హోత్రా, మన జస్టిస్ సుభాష్ రెడ్డి గారి తీర్పు. నీకు ఆదాయం ఏదైనా ఉంటే దాచకుండా రాయి. మీ ఇంటాయన కొట్టు ఆదాయం చూపించి పాప వాళ్ళ నాన్న మనోవర్తి తగ్గించమని అడగొచ్చు. ఆ పాపని పోషించే చట్టబద్ధమైన బాధ్యత సవతి తండ్రికి లేదని మీ లాయరు చెప్పాలి.

రెండోదానికి దారి ఉంది, కానీ హిందూ దత్తత చట్టంలో కాదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద సవతి తండ్రి దత్తత తీసుకోవచ్చు. అక్కడ ఇప్పటికే కూతురుందన్నది అడ్డం కాదు. కేంద్ర దత్తత సంస్థ పోర్టల్‌లో రిజిస్టరు చేసుకోవాలి, కన్నతండ్రి సమ్మతి కావాలి, చివరికి ఆర్డరిచ్చేది జిల్లా కలెక్టరు. జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్ళు కాగితాలు చూసి పెడతారు. అలా అయితే మీ ఇంటాయన అన్ని విధాలా తండ్రి అవుతారు, పోషణ బాధ్యతా ఆయనదే, ఆస్తిలో హక్కూ ఆయన దగ్గరే. కన్నతండ్రి మనోవర్తి ఆ రోజుతో ఆగుతుంది. అప్పటిదాకా బాకీ పడ్డది మాత్రం కట్టాల్సిందే. కాబట్టి ముందు బకాయి పిటిషన్ నడవనీ, దత్తత మాట ఆ తర్వాత. సంక్రాంతికి గౌను వేసుకుని ఎదురుచూసిన పిల్ల అన్నావు. తొమ్మిదేళ్ళది, దాని మనసులో ఏముందో కూడా అడగండి. అక్క ఇంటిపేరు కావాలనుకోవడం, నాన్న వద్దనుకోవడం ఒకటి కాదు.

ఇంకొకటి గుర్తొచ్చింది. పాపకి పద్దెనిమిది నిండాక ఈ 144 కింద ఆగిపోతుంది. కానీ పెళ్ళికాని కూతురు తనను తాను పోషించుకోలేకపోతే దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షను కింద తండ్రిని అడగొచ్చని 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజనీరింగో, నర్సింగో చదివే రోజులకి పనికొస్తుంది, ఆర్డరు కాగితాలు అప్పటిదాకా జాగ్రత్త.

న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళేటప్పుడు ఎం.సి. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, చివరిసారి డబ్బు పడిన నెల నుంచి నేటి వరకు బ్యాంకు స్టేట్‌మెంటు, ఆయన పనిచేసే ఆఫీసు పూర్తి చిరునామా పట్టుకెళ్ళు. ఆఫీసు చిరునామా లేకపోతే జీతం అటాచ్ చేసే నోటీసు ఎక్కడికి పంపాలో తెలియక వాయిదాల మీద వాయిదాలు పడతాయి. సర్టిఫైడ్ కాపీ లేకపోతే కాపీ అప్లికేషన్ ఈ వారమే పెట్టు, దానికే కొన్నాళ్ళు పడుతుంది.